చెయ్యి పడని పాత కారు కొనేవారికి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? సరే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కార్ల గురించి మాట్లాడమన్నారు. అందులోనూ ఎవరూ విప్పి బాగుచేయని కార్ల గురించి. అలాంటిది ఒకటి కొనాలన్న ఆలోచనతోనే మీలో చాలామంది వచ్చారని తెలుసు. కొందరికి దాన్ని ఉన్నదున్నట్టు రోడ్డు మీద తిప్పాలని ఉంది. కొందరికి దాన్ని కోసి, కిందికి దించి, పెద్ద ఇంజిన్ పెట్టి, మనసులో ఉన్న బండిగా మార్చుకోవాలని ఉంది. రెండూ మంచి కోరికలే. కాని ఒకే కారు ఆ రెండింటికీ సరిపోదు. ఏ కారు దేనికి అన్నది డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాలి. నా మాటల్లో మీరు ఇంకేం మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కొన్నాక చూద్దాంలే అనుకున్నవాళ్ల కార్లే సగం విప్పేసి, బోల్టులన్నీ డబ్బాల్లో పోసి, మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కొన్న మొదటి పాత కారు 1930 ఫోర్డ్ మోడల్ ఎ సెడాన్. ఒకే కుటుంబం వాడుకుని, తర్వాత షెడ్డులో నిలబెట్టేసిన బండి. డ్రైవరు వైపు తలుపు పైఅంచున, అద్దం దించి మోచెయ్యి ఆనించే చోట, రంగు అరిగిపోయింది. దాని కింద ప్రైమరు కనబడేది, ఇంకా నడుమ అరచేతి వెడల్పున ఇనుము నున్నగా మెరిసేది. చుట్టూ ఎక్కడా తుప్పు లేదు. ఏళ్ల తరబడి ఒక మనిషి చెయ్యి అక్కడ ఆని ఆని చేసిన పని అది. నాకప్పుడు అది మచ్చలా కనిపించింది. ఒక మధ్యాహ్నం ఉప్పు కాగితం పట్టుకుని కూర్చుని, సాయంత్రానికల్లా తలుపంతా రేకు తేలేదాకా గీకేశాను. తర్వాత వేయించిన రంగు మంచిదే. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కాని ఆ మోచేతి చోటును మళ్లీ తయారుచేసే పనివాడు లోకంలో లేడు. ఆ కారు దగ్గర నిలబడ్డప్పుడల్లా నా చూపు ఇప్పటికీ ఆ తలుపు అంచు మీదికే పోతుంది.

పాత రంగు చదవగలిగితే చాలా చెబుతుంది. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ మోడల్ టి నల్లరంగులో మాత్రమే వచ్చింది. ఆ కాలంలో మిగతా కంపెనీలు వార్నిష్ రంగులు పూత మీద పూత వేసి ఆరబెట్టేవి, ఒక్కో బాడీకి రోజులు, వారాలు పట్టేది. 1920ల నడుమ నైట్రోసెల్యులోజ్ లాకర్ వచ్చాక గంటల్లో ఆరే రంగులు మొదలయ్యాయి. బంపరు వెనకాల, డాష్‌బోర్డు కింద, సీటు ఎత్తితే కనబడే చోట ఆ పాత పూత అలాగే ఉంటుంది. ఆ కారు ఏ రంగులో పుట్టిందో, ఎన్నిసార్లు మారిందో అక్కడ తెలుస్తుంది. మొత్తం గీకేస్తే అదంతా పోతుంది.

ఇది నా ఒక్కడి పట్టింపు అనుకోకండి. అమెరికాలోని పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో అద్దంలా మెరిసే కార్లకే పెద్దపీట ఉండేది. అక్కడ 2001 నుంచి బాగుచేయని కార్లకు వేరే విభాగం పెట్టారు. 2024లో మొత్తం ప్రదర్శనకే మొదటి బహుమతి అలాంటి కారుకు వచ్చింది, 1934 బుగాటీ టైప్ 59కి. మరో బుగాటీ ఉంది, 1925 నాటి బ్రెషియా. స్విట్జర్లాండ్, ఇటలీల నడుమ ఉన్న మజోరె సరస్సు అడుగున 70 ఏళ్లకు పైగా పడి ఉండి 2009లో బయటికొచ్చింది. ఒక పక్క బాడీ దాదాపు కరిగిపోయింది. 2010లో వేలంలో కొన్నవారు దాన్ని బాగుచేయించలేదు, మ్యూజియంలో అలాగే నిలబెట్టారు. ఆ కారు తిరగదు, తిరగాల్సిన పనీ లేదు. కాని మనం కొనబోయేది తిరగాలి. అందుకే చూడ్డం నేర్చుకోవాలి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చి లైటు, అయస్కాంతం, సన్న స్క్రూడ్రైవరు, కింద పరుచుకోడానికి పాత దుప్పటి పట్టుకెళ్లండి. బానెట్ ఎత్తడం చివర చూద్దాం. ముందు దుప్పటి పరిచి కిందికి దూరండి.

యుద్ధానికి ముందు కార్లలో చాలావాటికి పైన రేకు, లోపల చెక్క. ఎక్కువగా యాష్ చెక్క. తలుపు చట్రం, స్తంభాలు, పైకప్పు అంతా చెక్క మీదే నిలబడి ఉంటుంది. జనరల్ మోటార్స్ కార్లలో 1930ల నడుమ దాకా ఇదే పద్ధతి. డాడ్జ్ లాంటి కొన్ని కంపెనీలు మాత్రం 1910లలోనే పూర్తి ఉక్కు బాడీలకు మారాయి. అందుకని మీరు చూస్తున్న కారు బాడీ చెక్కదా, ఉక్కుదా అన్నది మొదటి ప్రశ్న. ఎందుకంటే తుప్పు పట్టిన ఇంజిన్‌ను లేత్ ఉన్న మనిషి ఎవరైనా బాగుచేయగలడు. కుళ్లిన చెక్క చట్రాన్ని ఒంపులన్నీ సరిపోయేలా మళ్లీ చెక్కి కూర్చే వడ్రంగులు చాలా తక్కువ.

తలుపు తెరవండి. సగం తెరిచి, కింది అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తండి. కీలు ఒక్కటే కదిలితే పిన్ను అరిగినట్టు, అది చిన్న పని. కీలుతోపాటు స్తంభమే కదిలిందా, లోపల చెక్క పోయిందన్నమాట. తర్వాత గడప కింద వేలితో రాయండి. మెత్తని, పసుపు పచ్చని పొడి వేలికి అంటితే పురుగు ఇంకా తింటూనే ఉంది. పాత పురుగు కన్నాలైతే నల్లగా, పొడి రాలకుండా ఉంటాయి. స్క్రూడ్రైవరు కొనను చెక్క మీద ఆనించి బొటనవేలి బలంతో నొక్కండి, చాలు. గట్టి చెక్క ఆపుతుంది. మెత్తబడిన చెక్కలోకి తడి రొట్టెలోకి దిగినట్టు దిగుతుంది. యజమాని అనుమతి అడిగే ఈ పని చేయండి.

అయస్కాంతం పుట్టీ కోసం. రేకు మీద జారిస్తే పట్టు తప్పిన చోట కింద పుట్టీ, అంటే సొట్టలు పూడ్చే ముద్ద, ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదని చెప్పిన కారులో అయస్కాంతం పట్టని చోట్లు కనిపిస్తే ఆ మాట నిజం కాదు. ఒక్క జాగ్రత్త, కొన్ని కార్ల బాడీ అల్యూమినియం. అక్కడ అయస్కాంతం ఎక్కడా పట్టదు.

ఛాసిస్‌లో కమానులు బిగించిన చోట్ల పగుళ్లు చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్నుల, అంటే ముందు చక్రం పక్కలకు తిరిగే పిన్నుల, అరుగుదల తెలుస్తుంది. చెక్క పుల్లల చక్రాలైతే బండిని చేత్తో ముందుకూ వెనక్కూ తోసి చెవిపెట్టండి. కిర్రుమంటే పుల్లలు వదులయ్యాయి. నీళ్లతో నానబెడితే చెక్క ఉబ్బి శబ్దం ఆగుతుంది. అమ్మేముందు కొందరు చేసే పని అదే. ఆరాక మళ్లీ కిర్రుమంటుంది. అలాంటి చక్రం మీద మీ పిల్లల్ని ఎక్కించుకోకండి.

టైర్ల గురించి ఒక్క మాటే. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా సరే, పదేళ్లు దాటిన టైరును నమ్మొద్దు. 2000 నుంచి వచ్చిన టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది, ముందు వారం, తర్వాత సంవత్సరం.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. కాగితంలో ఉన్న నంబరు ఇంజిన్‌దా, ఛాసిస్‌దా? ఆ రోజుల్లో చాలా కార్లకు ఇంజిన్ నంబరే కారు నంబరు. ఇంజిన్ ఎప్పుడో మార్చేసి ఉంటే, కాగితం ఒక కారుది, మీ ఎదురుగా ఉన్న కారు ఇంకొకటి అవుతుంది. మోడల్ ఎలో అదే నంబరు ఎడమ వైపు ఛాసిస్ పట్టీ మీద కూడా కొట్టారు, కాని అది బాడీ కిందకు వస్తుంది. బాడీ లేపితే తప్ప పూర్తిగా కనబడదు. ఈ తేడా మీ ఊరి రిజిస్ట్రేషన్ వాళ్లు ఎలా చూస్తారో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

ఇప్పుడు ఇంజిన్. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది కొన్న మొదటి రోజునే. బండి ఇంటికి రాగానే కొత్త బ్యాటరీ పెట్టి, కార్బరేటర్‌లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొడతారు. లేదంటే తాడు కట్టి లాగుతారు. ముప్ఫై ఏళ్లు నిలబడిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు పట్టేసి ఉంటాయి, వాల్వులు గైడుల్లో బిగుసుకుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, రింగులు విరుగుతాయి. బాగుచేయదగ్గ ఇంజిన్ ఆ పది సెకన్లలో పోతుంది.

నేను చేసే పద్ధతి ఇది. ప్లగ్గులన్నీ విప్పుతాను. పల్చని నూనె ఒక్కో సిలిండరులో కొంచెం కొంచెం పోసి వదిలేస్తాను. రెండో రోజు మళ్లీ, నాలుగో రోజు మళ్లీ. ఈలోగా కింద సంపు, అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి, విప్పుతాను. పాత ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరు లేదు, అప్పటి నూనెకు మురికిని కడిగే గుణం లేదు. అందువల్ల సంపు అడుగున తారులాంటి మడ్డి పేరుకుని ఉంటుంది. అది అలాగే ఉంచి ఇప్పటి నూనె పోస్తే, మడ్డి ముక్కలుగా ఊడి నూనె దారుల్లో అడ్డం పడొచ్చు. గరిటెతో తీసేయండి, కిరోసిన్‌తో కడగండి. పక్క మూత తీసి వాల్వు స్ప్రింగులు ఒక్కొక్కటీ చూడండి. వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్య బ్లాకు పగలడం, ఇలా వాల్వులు సిలిండరు పక్కన బ్లాకులోనే ఉండే ఇంజిన్లలో ఎక్కువ. పూర్తిగా తేలాలంటే హెడ్డు విప్పాలి.

వారం పోయాక హ్యాండిల్ పెట్టి రెండు వేళ్ల బలంతో నొక్కి చూస్తాను. కదలకపోతే ఇంకో వారం. నాకు తెలిసిన ఒక బండి ఆరు వారాలు తీసుకుంది. ఒక ఉదయం హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే చిన్నగా నిట్టూర్చినట్టు శబ్దం వచ్చి పావు వంతు తిరిగింది. రింగులు విరగలేదు. ఆ ఇంజిన్ ఇంకా అదే పిస్టన్లతో నడుస్తోంది.

బేరింగుల సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇప్పటి ఇంజిన్లో పలుచని షెల్ బేరింగు తీసి కొత్తది పెడతాం. అప్పటివాటిలో చాలా ఇంజిన్లకు బాబిట్ లోహాన్ని, అంటే తగరం, రాగి, యాంటిమనీ కలిపిన తెల్ల లోహాన్ని, కరిగించి రాడ్డులోనే పోత పోసి, తర్వాత కొలతకు బోర్ చేసేవారు. మెత్తని లోహం, నూనె తగ్గితే ముందు కరిగేది అదే. మోడల్ ఎలో క్యాపుల కింద పలుచని షిమ్ములు ఉంటాయి, అరిగేకొద్దీ ఒక్కొక్కటి తీసి బిగిస్తారు. సంపు విప్పినప్పుడు షిమ్ములు ఇంకా మిగిలి ఉన్నాయా లేదా చూడండి. మిగలకపోతే మళ్లీ పోత పోయించాలి. ఆ పని చేతనైనవాళ్లు మీకు దగ్గర్లో ఉన్నారా అన్నది కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

పెట్రోలు గురించి అందరూ భయపడతారు, అంత అక్కర్లేదు. మోడల్ ఎ కంప్రెషన్ నిష్పత్తి 4.22, మామూలు పెట్రోలు చాలు. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ మాత్రం పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, కార్క్ ఫ్లోటు మీది పూతను కరిగిస్తుంది. గొట్టాలు మార్చండి. మోడల్ ఎలో ట్యాంకు మీ మోకాళ్లకు ఎదురుగా, డాష్‌బోర్డు వెనకే ఉంటుంది. పెట్రోలు తనంతట తానే కార్బరేటర్‌లోకి దిగుతుంది. బండి ఆపినప్పుడల్లా ట్యాప్ కట్టేయడం అలవాటు చేసుకోండి.

ఆరు వోల్టుల కరెంటు పనికిరాదని, పన్నెండుకు మార్చమని మెకానిక్కులు చెబుతారు. తొందరపడకండి. ఆరు వోల్టుల మీద అదే శక్తికి రెట్టింపు కరెంటు పారాలి, అందుకు లావుపాటి కేబుల్ కావాలి. మధ్యలో ఎవరో ఇప్పటి కార్ల సన్న కేబుల్ వేసి ఉంటారు, ఛాసిస్‌కు ఎర్త్ దగ్గర రంగూ తుప్పూ ఉంటాయి. లావు కేబుల్ వేసి ఎర్త్ మెరిసేదాకా గీకండి, సెల్ఫ్ చక్కగా తిప్పుతుంది.

పాత బ్రేకు లైనింగుల్లో, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకండి, ఎండు బ్రష్షుతో దులపకండి. తడిపి, గుడ్డతో తుడిచి, సంచిలో కట్టేయండి. ముక్కుకు సరైన మాస్కు పెట్టుకోండి. ఇది ప్రాణం సంగతి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సరే, బండి కదిలింది. నడపడం ఎలా? మోడల్ టి అయితే మీకు తెలిసిన డ్రైవింగు అంతా మరిచిపోవాలి. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే లో గేరు, వదిలితే హై గేరు, మధ్య పెడల్ రివర్సు, కుడి పెడల్ బ్రేకు. యాక్సిలరేటర్ చేతి మీట. ఆ బ్రేకు కూడా చక్రాలకు కాదు, గేర్‌బాక్సు లోపల ఒక పట్టీకి. మిగతా కార్లలో పెడళ్లు మనకు తెలిసినట్టే ఉన్నా గేర్లు వేరు. గేర్లు చప్పుడు లేకుండా కలిసేలా చేసే సింక్రోమెష్ క్యాడిలాక్‌లో 1928లో వచ్చింది, మిగతావాటికి మెల్లగా పాకింది. అది లేని గేర్‌బాక్సులో క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి కాస్త యాక్సిలరేటర్, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు. నెల రోజుల్లో కాలికి వస్తుంది. గేరు చప్పుడు లేకుండా పడిన మొదటి రోజు మీరే నాకు ఫోను చేస్తారు.

వేగం సంగతికి వస్తే, మోడల్ ఎ ఇంజిన్ 3.3 లీటర్లు, 40 హార్స్‌పవర్. గంటకు 70 కిలోమీటర్ల దగ్గర హాయిగా నడుస్తుంది. 90కి తోలొచ్చు, కాని ఆపాలి కదా. బ్రేకులు ఇనుప కడ్డీలతో లాగేవి. డ్యూసెన్‌బర్గ్ కంపెనీ 1921లోనే నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది. ఫోర్డ్ మాత్రం 1939 మోడళ్ల దాకా కడ్డీలనూ కేబుళ్లనూ వదల్లేదు. కడ్డీ బ్రేకులు సరిగ్గా సర్దితే బాగా పట్టుకుంటాయి. పిన్నులన్నీ అరిగి, ఒక్కో కీలు దగ్గర కాస్త కాస్త వదులు చేరితే, పెడల్ సగం ప్రయాణం ఆ వదులు లాగడానికే సరిపోతుంది. కొత్త పిన్నులు, కొత్త బుష్‌లు వేసి, నాలుగు చక్రాలూ ఎత్తి ఒక్కొక్కటీ సమంగా పట్టేలా సర్దాలి. ఒక రోజు పని. చాలామంది ఆ ఒక్క రోజు వెచ్చించకుండా బ్రేకులే మార్చేస్తారు.

ఇక మార్పులు చేయాలనుకునేవాళ్లకు. మీ అభిరుచికి గొప్ప చరిత్ర ఉంది. 1932లో ఫోర్డ్ వి8 తెచ్చింది, ఎనిమిది సిలిండర్లూ ఒకే పోతలో పోసిన, మామూలు జనం కొనగలిగే ఇంజిన్. 65 హార్స్‌పవర్. కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత మోడల్ టిలనూ, మోడల్ ఎలనూ తెచ్చి, మడ్‌గార్డులు విప్పి, ఆ ఇంజిన్ పెట్టి మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించారు. ఆ పోటీల్ని నడిపే సంఘం ఎస్‌సీటీఏ 1937లో ఏర్పడింది. వాళ్లు చేసింది విధ్వంసం అని నేననను. అప్పుడవి పాత సామాను దుకాణంలో దొరికే బండ్లు. మోడల్ టి కోటీ యాభై లక్షలు, మోడల్ ఎ 48 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇప్పుడు మిగిలినవాటిలో ఎవరూ విప్పనివి కొన్నే. అందుకని కోయాలనుకుంటే ఇప్పటికే ఎవరో కోసిన కారు కొనండి. నాలుగు కార్ల ముక్కలు కలిపి నిలబెట్టినవి, లోపలి సీట్లు పోయినవి, వేరే ఇంజిన్ ఎక్కినవి దొరుకుతాయి. వాటితో మీకు స్వేచ్ఛ ఎక్కువ, ఖర్చు తక్కువ, ఎవరి గుర్తూ చెరిపినట్టు కాదు. కొత్త రేకుతో చేసిన 1932 బాడీలు కూడా అమ్ముతున్నారు. కత్తిరింపులు వాటి మీద చేయండి.

చెయ్యి పడని కారులోనూ కొన్ని మార్పులు చేయొచ్చు, బోల్టు విప్పితే వెనక్కి వెళ్లేవైతే. 1939 నుంచి 1948 దాకా వచ్చిన ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు అంతకు ముందు ఫోర్డ్ ఇరుసుల మీద కొద్దిపాటి పనితో కూర్చుంటాయి. వెనక టర్న్ సిగ్నళ్లు, ఇంకో బ్రేకు లైటు పెట్టండి, వెనక వచ్చేవాడికి మీరు ఆగుతున్నట్టు తెలియాలి. కన్నం వేయకుండా క్లాంపుతో బిగించండి. తీసిన ప్రతి సామానుకూ చీటీ కట్టి, తేదీ రాసి, ఒకే పెట్టెలో పెట్టండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో చెప్పేది దాదాపు ఇదే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: అన్నీ మార్చుకుంటూ పోతే అది అదే కారు ఎలా అవుతుందండీ?)

మంచి ప్రశ్న. ఇది కోర్టు దాకా వెళ్లింది. 1929, 1930ల్లో ఫ్రాన్స్ లోని ల మాన్ రేసు గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ మీద 1990లో ఇంగ్లండు హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. 1929 నాటి సామాను దానిలో దాదాపు మిగల్లేదు. అయినా ఎప్పుడూ చెదిరిపోకుండా, ఒకే కారుగా మారుతూ వచ్చింది కాబట్టి అది ఆ కారే అన్నారు జడ్జిగారు. అందుకే చెబుతున్నాను, చీటీలు కట్టండి, ఫోటోలు తీయండి, ఏ రోజు ఏం మార్చారో రాయండి.

(సభలో ఒక అమ్మాయి: సీట్ల గుడ్డ చిరిగిపోయి ఉంటే?)

దాన్ని పీకేయకండమ్మా. చిరుగు కింద సన్నని గుడ్డ దూర్చి, చేతి కుట్టుతో ఆపండి. లోపల గుర్రపు వెంట్రుకలు బయటికొస్తుంటే లోపలికి నెట్టి వల కప్పండి. రోజూ కూర్చునే సీటైతే పైన వదులు తొడుగు వేసుకోండి. తొడుగు తీస్తే అసలు గుడ్డ అక్కడే ఉండాలి.

ఇక బయటికి రండి, ఆ మోడల్ ఎ చెట్టు కింద ఉంది. ఒక్కొక్కరికీ హ్యాండిల్ ఇస్తాను. ముందు స్టీరింగు దగ్గర ఎడమ మీట పూర్తిగా పైకి, అంటే స్పార్కు ఆలస్యం. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉందో లేదో మీరే చూసుకోండి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, చుట్టూ చుట్టొద్దు. ఇంజిన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. కింది నుంచి పైకి లాగండి, పై నుంచి కిందికి ఎప్పుడూ నొక్కకండి. ముందు ఆ అమ్మాయి రావాలి, ఆమె తర్వాత మిగతావాళ్లు.